నడుమును నిలబెట్టే కండరాలు: కోర్ చేసే పని, దాన్ని బలపరిచే పద్ధతి

పొద్దుగూకేదాకా ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు వేరే వ్యాయామం ఎందుకని నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామంది అనుకుంటారు. నాట్లు వేసే ఆడవాళ్లకు, ధాన్యం బస్తాలు లారీకెక్కించే హమాలీలకు, గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్ చేసేవాళ్లకు కోర్ కండరాలు (నడుమునూ పొట్టనూ చుట్టి నిలబెట్టే కండరాలు) వాటంతట అవే గట్టిపడతాయని నమ్మకం. అదే నిజమైతే నడుంనొప్పి కుర్చీల్లో కూర్చునేవాళ్లకే రావాలి. నాట్ల కాలం ముగిసేసరికి నడుం పట్టేసి మంచం దిగలేనివాళ్లు ఊరూరా ఉంటారు. ఇంకోపక్క జిమ్‌లో రోజూ వంద సిట్-అప్‌లు (వెల్లకిలా పడుకుని లేచి కూర్చునే కసరత్తు) తీసే కుర్రవాడు గ్యాస్ సిలిండర్ ఎత్తబోయి అక్కడే కూలబడతాడు. ఇద్దరికీ కండ ఉంది. ఆ కండను ఎప్పుడు, ఎంత బిగించాలో, ఎంతసేపు నిలపాలో శరీరానికి అలవాటు కాలేదు. కోర్ శిక్షణ అంటే ముందుగా ఆ అలవాటే.

కోర్ అసలు పని

నడుం భాగంలో వెన్నుపూసలు ఐదు. వాటి మధ్య మెత్తటి డిస్కులు, చుట్టూ ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్లు. కండరాలన్నీ తీసేసి ఎముకలతో, లిగమెంట్లతో మాత్రమే నిలబెట్టిన నడుం వెన్ను దాదాపు 90 న్యూటన్ల బరువుకే, అంటే తొమ్మిది కిలోలకే, పక్కకు ఒరిగిపోతుందని ప్రయోగశాలల్లో కొలిచి చూశారు. మన తల, చేతులు, ఛాతీ బరువు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంత బరువునూ కూలకుండా ఆపుతున్నవి చుట్టూ ఉన్న కండరాలే. షామియానా గుంజకు నాలుగు పక్కలా కట్టిన తాళ్లన్నీ సమానంగా బిగిస్తేనే గుంజ నిలుస్తుంది, ఒక్కదాన్నే గట్టిగా లాగితే ఆ పక్కకు ఒరుగుతుంది. పొట్ట ముందరి కండరాన్ని ఒక్కదాన్నే పెంచుకుంటే నడుముకు పెద్దగా మేలు జరగకపోవడానికి కారణం ఇదే.

ఆ కండరాలేమిటో ఒకసారి చూద్దాం. పైకప్పుగా ఉదరవితానం, మనం ఊపిరి పీల్చినప్పుడు కిందికి దిగే పొర ఇది. అడుగున మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని, పేగులను మోసే కటి కండరాలు. చుట్టూతా నడికట్టులా అడ్డంగా పోయే లోపొర ఒకటి ఉంది, దాన్ని ట్రాన్స్‌వర్సస్ అంటారు. దాని మీద డొక్కల్లో ఏటవాలుగా పోయే పొరలు రెండు. ఒక పొర పోగులు పోయే దిక్కుకు రెండో పొర పోగులు అడ్డంగా పోతాయి కాబట్టి ఒంటిని మెలి తిప్పే బలాన్ని రెండూ కలిసి ఆపుతాయి. ముందర ఛాతీ ఎముక కింది నుంచి జఘనాస్థి (కటి ముందరి ఎముక) దాకా నిలువుగా దిగే కండరమే సిక్స్‌ప్యాక్‌గా కనిపించేది. అందులోని అడ్డగీతలు ఎన్నన్నది పుట్టుకతో వచ్చేది, కసరత్తుతో నాలుగును ఆరు చేయలేం. వెనక, పూసకూ పూసకూ మధ్య అల్లుకున్న పొట్టి కండరం మల్టిఫిడస్. నడుంనొప్పి వచ్చినప్పుడు ఇది సన్నబడుతుంది, నొప్పి తగ్గినా దానంతట అది తిరిగి పెరగకపోవచ్చు. ఒకసారి నడుం పట్టేసినవాళ్లకు మళ్లీ మళ్లీ పట్టేయడానికి ఇదొక కారణం. పిరుదుల కండరాలను కూడా ఈ జట్టులోనే లెక్కేయాలి. అవి మొద్దుబారితే బరువెత్తే పనంతా నడుం మీద పడుతుంది.

వీటన్నిటి ఉమ్మడి పని నడుమును కదపడం కాదు, చేతులూ కాళ్లూ కదులుతున్నప్పుడు నడుమును కదలనివ్వకపోవడం. కొత్తపట్నం తీరంలో వల లాగే మనిషిని గమనించండి. బలం ఇసుకలో దిగబడిన పాదాల దగ్గర పుట్టి, పిరుదుల మీదుగా, నడుం మీదుగా భుజాలకు చేరి తాడును లాగుతుంది. మధ్యలో నడుం వదులైతే కాళ్ల బలం అక్కడే ఆగిపోతుంది, చేతులూ నడుమూ ఆ లోటు భరించాల్సి వస్తుంది.

బలం ఎంతన్నదాని కంటే వేళకు అందడం ముఖ్యమని 1996లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పాల్ హాడ్జెస్, కరొలిన్ రిచర్డ్‌సన్ చూపించారు. నొప్పి లేని మనిషి చెయ్యి ఎత్తబోయే ముందే, చెయ్యి కదలక మునుపే, పొట్ట లోపొర బిగుసుకుంటుంది. నడుంనొప్పి చరిత్ర ఉన్నవాళ్లలో ఆ బిగువు ఆలస్యంగా వస్తుంది. అయితే దీన్ని పట్టుకుని ఆ ఒక్క పొరనే విడిగా కసరత్తు చేయించే పద్ధతి కొన్నేళ్లు నడిచింది. బొడ్డును వెన్నుకు అంటేలా లోపలికి పీల్చమని చెప్పేవాళ్లు. బరువు మోసేటప్పుడు అది పనికిరాదు. పొట్ట లోపలికి లాగినకొద్దీ చుట్టుకొలత తగ్గి, నడుముకు ఆసరా కూడా తగ్గుతుంది.

నాటు వేసే నడుముకు ఏమవుతుంది

ఈ జిల్లాలకు అన్నిటికంటే అవసరమైన సంగతి ఇది. నిలబడిన మనిషి నెమ్మదిగా ముందుకు వంగుతుంటే వెన్ను వెంట ఉన్న కండరాలు బిగుసుకుని బరువు ఆపుతాయి. పూర్తిగా వంగేసరికి అవి పని మానేస్తాయి. అక్కణ్నుంచి ఒంటి బరువంతా లిగమెంట్ల మీద, డిస్కుల వెనకభాగం మీద వేలాడుతుంది. అందుకే నాటు వేసేవాళ్లకు గంటల తరబడి వంగి ఉన్నా నడుం కండరం బలపడదు. ఆ సమయమంతా కండరం సెలవులో ఉంటుంది, లిగమెంటు సాగుతూ ఉంటుంది.

సాగిన లిగమెంటు లేచిన వెంటనే బిగుసుకోదు. మొదటి రెండు మూడు నిమిషాల్లో కొంత కోలుకుంటుంది, మిగతాది సర్దుకోవడానికి అరగంట దాటినా చాలదు. ఆ వదులు నడుముతోనే తడి నారు కట్టల మోపు ఎత్తితే డిస్కు దెబ్బతినే అవకాశం ఎక్కువ. నడుం పట్టేసేది నాటు వేసేటప్పటికంటే లేచి బరువెత్తినప్పుడే కావడం వెనక ఉన్న లెక్క ఇదే. ఇరవై నిమిషాలకోసారి నిటారుగా లేచి, చేతులు పైకి చాచి, రెండు మూడు సార్లు గుండెనిండా ఊపిరి తీసుకుని మళ్లీ వంగడం, మోపులు అందించే పని వంగి నాటేవాళ్లకు కాకుండా గట్టు మీద నిలబడ్డవాళ్లకు అప్పగించడం, ఈ రెండూ ఏ వ్యాయామం కంటే ముందు చేయాల్సినవి.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీ నడిపేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. నాలుగైదు గంటలు నడుం గుండ్రంగా వంచి కూర్చోవడం, పైగా ఇంజిన్ అదురు. బండి దిగగానే సరుకు దించడానికి పూనుకోకుండా ఐదు పది నిమిషాలు నడవాలి.

తెల్లారగట్ల ఇంకో చిక్కు ఉంది. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే ఉదయం మనిషి ఎత్తు ఒకటిన్నర సెంటీమీటరు వరకు ఎక్కువ ఉంటుంది. ఉబ్బిన డిస్కు మీద వంగడం వల్ల పడే ఒత్తిడి సాయంత్రం కంటే చాలా ఎక్కువ. లేచిన గంటలోపు సిట్-అప్‌లు, ముందుకు వంగి పాదాలు పట్టుకునే సాగదీతలు వద్దు. నెల్లూరు ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో నడకకు వచ్చేవాళ్లు ముందు నడిచి, ఆ తర్వాతే కోర్ కసరత్తులు చేస్తే సరిపోతుంది.

సిట్-అప్‌లను ఎందుకు పక్కన పెట్టమంటున్నామో కూడా చెప్పాలి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో నడుం యాంత్రికశాస్త్రం మీద దశాబ్దాలు పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ లెక్కగట్టిన ప్రకారం ఒక్క సిట్-అప్‌కు నడుం డిస్కుల మీద సుమారు 3,300 న్యూటన్ల నొక్కుడు పడుతుంది. పాదాలను ఎవరైనా పట్టుకుంటే పొట్టకు బదులు, నడుం పూసల నుంచి తొడ ఎముక దాకా పోయే సోయస్ కండరం ఎక్కువగా లాగుతుంది, ఆ లాగుడు నేరుగా పూసల మీదే. వంగడం, లేవడం వేలసార్లు జరిగితే డిస్కు వెనక గోడ పొరలు పొరలుగా విడవచ్చు. ఇప్పటికే పొలంలో వందసార్లు వంగిన మనిషికి ఇంటికొచ్చి ఇంకో యాభై సార్లు వంగే కసరత్తు ఇవ్వడం అన్యాయం.

ముందు బిగువు నేర్చుకోవాలి

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య డొక్కల్లో రెండు పక్కలా వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకోండి. చిన్నగా దగ్గండి. వేళ్ల కింద కండరం బయటికి తన్నడం తెలుస్తుంది. ఇప్పుడు దగ్గకుండానే ఆ తన్నుడు తెప్పించండి, అదే బిగువు. పొట్ట లోపలికి పోకూడదు, కావాలని ఉబ్బించనూ కూడదు. ఎవరో కడుపులో పొడవబోతున్నారంటే ఎలా బిగుసుకుంటామో అలాగే, అందులో నాలుగో వంతు చాలు.

తర్వాతి మెట్టు దగ్గరే ఎక్కువమంది తడబడతారు. బిగువు వదలకుండా ఊపిరి ఆడించాలి. మొదట్లో ఊపిరి వదలగానే పొట్ట కూడా వదులైపోతుంది. పక్కటెముకలు పక్కలకు తెరుచుకునేలా ముక్కుతో పీల్చి, పెదవులు సున్నా చుట్టి నెమ్మదిగా వదలండి, వేళ్ల కింద గట్టితనం మాత్రం అలాగే ఉండాలి. ఐదు ఊపిరులు, కొంచెం విశ్రాంతి, మళ్లీ ఐదు. ఇది పడుకుని కుదిరాక కూర్చుని, తర్వాత నిలబడి, చివరికి నడుస్తూ చేయాలి. దీనికి వారం పట్టినా తొందరపడవద్దు. ఇది రాకుండా ప్లాంక్ (బోర్లా, మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిలిపి ఉంచడం) చేసేవాళ్లు ఊపిరి బిగబట్టి చేస్తారు. ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. బీపీ మాత్రలు వాడేవాళ్లు ఈ ఒక్క నియమం ఎట్టి పరిస్థితిలోనూ తప్పకూడదు.

మూడు కసరత్తులు

మెక్‌గిల్ సూచించిన మూడింటితో మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయం. వీటికి సామాన్లు అక్కర్లేదు, చాపో దుప్పటో ఉంటే చాలు. డిస్కుల మీద భారం తక్కువ, నాలుగు పక్కల కండరాలకూ పని.

మొదటిది కర్ల్-అప్. వెల్లకిలా పడుకుని ఒక కాలు చాచి, ఒక కాలు మడవండి. రెండు అరచేతులూ నేలకు ఆనించి నడుం కిందున్న సందులో పెట్టండి, ఆ సహజ వంపు నలగకూడదు. పొట్ట బిగించి తల, భుజాలు నేల నుంచి కొద్దిగా, కింద కాగితం దూర్చేంత ఎత్తు మాత్రమే లేపండి. పది సెకన్లు నిలిపి దించండి. అంత కొంచెం లేపితే ఏమొస్తుందని ఇంకా పైకి లేచేవాళ్లే ఎక్కువ. పైకి లేచేసరికి నడుం వంగి అది సిట్-అప్ అయిపోతుంది. మెడ నొప్పి పుడితే గడ్డం ముందుకు పొడుచుకొస్తోందని అర్థం, నాలుకను అంగిలికి ఆనించి నొక్కితే మెడ సర్దుకుంటుంది. సగం లెక్క అయ్యాక కాలు మార్చండి.

రెండోది సైడ్ ప్లాంక్. ఒక పక్కకు పడుకుని మోచెయ్యి సరిగ్గా భుజం కింద ఉంచండి. మొదట్లో మోకాళ్లు మడిచి, మోకాలు, మోచెయ్యి మీద బరువు వేసి తుంటి లేపండి. తుంటి పైకి మాత్రమే కాదు, ముందుకు కూడా రావాలి. చాలామంది పిరుదులు వెనక్కి వదిలేసి సగం కూర్చున్నట్టు ఉంటారు, అలా చేస్తే డొక్కల కండరానికి పనే పడదు. భుజం నొప్పి ఉన్నవాళ్లు గోడ పక్కన నిలబడి మోచెయ్యి గోడకు ఆనించి, ఒళ్లంతా కర్రలా బిగించి వాలితే సరిపోతుంది. మోకాళ్ల మీద తేలికైతే కాళ్లు చాచి, పై పాదం ముందు, కింది పాదం వెనక పెట్టి చేయండి. కుడి, ఎడమల మధ్య తేడా బాగా కనిపిస్తే బలహీనమైన పక్కకు ఒక సారి అదనంగా చేయాలి. ఎప్పుడూ ఒకే భుజం మీద బస్తా మోసేవాళ్లలో ఈ తేడా వెతికి చూడండి.

మూడోది బర్డ్ డాగ్. చేతులు, మోకాళ్ల మీద నిలబడి కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాచండి. కాలు పిరుదు ఎత్తు దాటకూడదు. మడమను గోడను తన్నినట్టు వెనక్కి నెట్టండి, చేతి పిడికిలి బిగించండి. కాలు మరీ పైకి లేపితే నడుం కిందికి జారి, పిరుదు చేయాల్సిన పని నడుం చేస్తుంది. తుంటి పక్కకు తిరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే నడుం మీద సగం నీళ్లున్న స్టీలు గ్లాసు పెట్టి చూడండి. పది సెకన్ల తర్వాత చెయ్యి, మోకాలు నేలను తుడుస్తూ లోపలికి తెచ్చి మళ్లీ చాచండి.

లెక్క ఇలా: ప్రతి కసరత్తూ మొదట ఆరు సార్లు, అర నిమిషం ఆగి నాలుగు, మళ్లీ ఆగి రెండు. సైడ్ ప్లాంక్, బర్డ్ డాగ్ రెండు పక్కలా ఇదే లెక్క. మొదటి వారం ఆరు, నాలుగు, రెండు బరువనిపిస్తే నాలుగు, మూడు, రెండుతో మొదలుపెట్టండి. పది సెకన్లను అరనిమిషం చేయాలనే ఆశ వద్దు. ఓపిక పెంచాలంటే సమయం అలాగే ఉంచి సార్లు పెంచాలి. ఎక్కువసేపు నిలిపితే కండరానికి రక్తం అందక రూపు చెడుతుంది, చెడిన రూపునే శరీరం నేర్చుకుంటుంది. మూడు నిమిషాలు ప్లాంక్ పట్టి, చివరి రెండు నిమిషాలూ పొట్ట కిందికి వేలాడదీసి, నడుం పూసల మీద వేలాడుతూ గడిపేవాళ్లకు అందే ఫలితం నొప్పే. ప్లాంక్ ఇష్టమైతే పిరుదులు బిగించి, మోచేతులను పాదాల వైపు లాగుతున్నట్టు నొక్కి పట్టి పదిహేను సెకన్లు చేయండి, ఐదు సార్లు. సరిగ్గా చేస్తే ఆ పదిహేను సెకన్లకే ఒళ్లు వణుకుతుంది.

బరువెత్తడం, మోయడం

మూడు వారాలయ్యాక నేల మీది పనిని నిలబడిన పనిలోకి తేవాలి. ఇది చేయకపోతే అంతకు ముందు చేసిందంతా చాప మీదే ఉండిపోతుంది.

వంగే తీరు ముందు. ఒక కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకోండి, అది తల వెనక, రెక్కల మధ్య, పిరుదుల మధ్య ఎముకకు ఆనాలి. మోకాళ్లు కొంచెం మడిచి, పిరుదులను వెనక్కి నెడుతూ వంగండి. మూడు చోట్లలో ఎక్కడ కర్ర విడిపోయినా నడుం వంగిందన్నమాటే. కర్ర విడవకుండా పదేసి సార్లు మూడు విడతలు చేయగలిగాకే చేతికి బరువు ఇవ్వాలి. రొయ్యల గుంటల దగ్గర మేత బస్తా ఎత్తేటప్పుడూ ఇదే తీరు: బస్తా రెండు పాదాల మధ్యకు రావాలి, ఊపిరి పీల్చి బిగించాలి, లేస్తూ ఊపిరి వదలాలి, తిరగాల్సి వస్తే నడుం మెలితిప్పకుండా పాదాలు తిప్పాలి. బస్తా ఒంటికి ఒక జానెడు దూరమైనా నడుం మీద పడే భారం బాగా పెరిగిపోతుంది. నెల్లూరు కొలతలో పుట్టి ధాన్యమంటే 850 కిలోలు. 75 కిలోల బస్తాలైతే పుట్టికి పదకొండుకు పైనే. రోజుకు ఎన్నో పుట్లు ఎత్తే మనిషికి ఆ జానెడు తేడా ఎంత పేరుకుంటుందో ఊహించుకోవచ్చు.

మోసే కసరత్తుకు పిడి ఉన్న బకెట్ చాలు. ఐదు లీటర్ల నీళ్లతో, అంటే ఐదు కిలోలతో, ఒక చేత్తో పట్టుకుని ఇరవై ముప్పై మీటర్లు నడవండి. రెండో చేతిలో ఏమీ ఉండకూడదు. బకెట్ ఒక పక్కకు లాగుతుంటే ఎదుటి పక్క డొక్క కండరం ఒరగకుండా ఆపుతుంది, సైడ్ ప్లాంక్ నేర్పింది ఇక్కడే అక్కరకొస్తుంది. భుజం జారినా, ఒళ్లు ఎదుటి పక్కకు వాలినా బరువు ఎక్కువైనట్టే. నీళ్లు తొణకకుండా నడవగలిగితే రెండు వారాలకోసారి రెండు లీటర్లు పెంచండి. చెరో చేత్తో మూడేసి విడతలు, వారానికి రెండు మూడు రోజులు.

నడుం బెల్టు సంగతి. డాక్టర్ చెప్పినన్ని రోజులు వాడటం వేరు. నొప్పి తగ్గాక కూడా మందుల షాపులో కొన్న బెల్టు తీయకుండా తిరగడం వేరు, అది కండరం నేర్చుకోవాల్సిన పనిని వాయిదా వేస్తుంది. ఇక పొట్ట కొవ్వు ఈ కసరత్తులతో కరగదు. ఏ చోట కండరం కదిలిస్తే ఆ చోటి కొవ్వే కరుగుతుందన్నది నిజం కాదు, అది తిండి, మొత్తం ఒంటి శ్రమ తేల్చాల్సిన లెక్క.

జాగ్రత్త పడాల్సినవాళ్లు

కాన్పయిన ఆడవాళ్లలో పొట్ట మధ్యగీత వెడల్పు కావచ్చు. వెల్లకిలా పడుకుని తల కొంచెం లేపి బొడ్డు పైనా కిందా వేళ్లతో తడిమితే రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు తగలడం, లేదా మధ్యలో పొట్ట కూచిగా పైకి లేవడం దాని గుర్తు. వాళ్లు కర్ల్-అప్, ప్లాంక్ ఆపి, బిగువూ ఊపిరీ, బర్డ్ డాగ్‌లతో సరిపెట్టుకోవాలి, ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. సిజేరియన్ అయితే డాక్టర్ సరేనన్నాకే ఏదైనా. దగ్గినా, తుమ్మినా మూత్రం పడుతోందని బయటికి చెప్పుకోలేక ఏళ్ల తరబడి భరించే ఆడవాళ్లు చాలామంది. అది కోర్ అడుగుభాగం బలహీనత, సరిచేసుకోగలిగింది. మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను ఐదు సెకన్లు పైకి బిగించి, ఐదు సెకన్లు పూర్తిగా వదలాలి. పది సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకూడదు. పిరుదులు, తొడలు బిగుస్తుంటే తప్పు కండరం పనిచేస్తోందని గుర్తు.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతాల్లో, కనిగిరి పక్కన ముఖ్యంగా, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పాత సమస్య. గడ్డం ఛాతీకి ఆనకపోవడం, చేతులు తల వెనక్కి పోకపోవడం, మోకాళ్లు మడవకుండా వంగలేకపోవడం ఉంటే అది కండరాల బలహీనత కాకపోవచ్చు. లిగమెంట్లు గట్టిపడిన వెన్నును కసరత్తుతో వంచబోవడం ప్రమాదం. ముందు పరీక్ష, తాగే నీళ్లు మార్చడం.

మోకాలి కిందిదాకా పాకే నొప్పి, పాదంలో తిమ్మిరి, బొటనవేలు పైకి ఎత్తలేకపోవడం ఉంటే కసరత్తులు ఆపి డాక్టర్‌ను కలవాలి. తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా మర్నాటిదాకా ఆగకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. నరాల కట్ట నలిగిపోతోందని దానర్థం, గంటలు గడిచేకొద్దీ తిరిగి బాగయ్యే అవకాశం తగ్గుతుంది.

ఎప్పుడు చేయాలన్నది పనిని బట్టి. కూర్చుని పనిచేసేవాళ్లు వారానికి ఐదారు రోజులు, రోజుకు పావుగంట. పొలం పనివాళ్లు నాట్ల ముందు రెండు నెలలు పూర్తిగా చేసి, నాట్లు మొదలయ్యాక కర్ల్-అప్ మానేసి, మధ్యాహ్నం అన్నానికి కూర్చునే ముందు గట్టు మీద బర్డ్ డాగ్ పక్కకు మూడేసి సార్లు చేస్తే చాలు. నెల్లూరులో ప్రధాన పంట రబీ కాబట్టి వానలు తగ్గి నారుమడులు సిద్ధమయ్యే నాటికి బకెట్ పది లీటర్లకు చేరి ఉండాలి.